బొగ్గు పొరలో ఫాల్ట్ కోసం సీస్మిక్ మోడలింగ్: ఏ పద్ధతి ఎప్పుడు ఎంచుకోవాలి

లాంగ్‌వాల్ ప్యానెల్‌కి (ఒకే పొడవాటి గోడగా కోసుకుంటూ పోయే బొగ్గు దిమ్మకి) రెండు పక్కలా గేట్ రోడ్లు (రాకపోకల సొరంగాలు) తవ్వడం పూర్తయినా, మధ్యలో మిగిలిన 250 మీటర్ల బొగ్గులో ఏముందో ఎవరూ గట్టిగా చెప్పలేరు. పైనుంచి వేసిన బోర్లు ఒకదానికొకటి వందల మీటర్ల దూరంలో ఉంటాయి. వాటి నడుమ పొరను తెంపి రెండు మీటర్లు పైకో కిందికో జరిపిన ఫాల్ట్ (ఆ జరిగిన ఎత్తునే త్రో అంటారు) ఉంటే బోర్ లాగుల్లో దాని జాడ కూడా దొరక్కపోవచ్చు. తీరా బొగ్గు కోసే మిషను (షియరర్) అక్కడికి చేరాక బొగ్గు వదిలి రాయి కొయ్యాలి, పైకప్పు పెచ్చులుగా రాలుతుంది, కోత జరిగే ఫేస్ రోజుల తరబడి నిలిచిపోతుంది. మన గోదావరి లోయ బొగ్గు క్షేత్రం వాయవ్యం నుంచి ఆగ్నేయానికి సాగిన గోండ్వానా గ్రాబెన్. నేల పగిలి దిగబడ్డం వల్లే ఇక్కడ బొగ్గు భద్రంగా మిగిలింది. ఆ పగుళ్లే ఇప్పుడు గని ప్లాన్ మీద ఫాల్ట్ గీతలై కూర్చున్నాయి.

దీన్ని ఉత్పత్తి నష్టంగా మాత్రమే చూస్తే సరిపోదు. 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ దగ్గర చస్నాలా గనిలోకి నీళ్లు విరుచుకుపడి 375 మంది చనిపోయారు. 2003 జూన్‌లో గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలో నీళ్లు చొరబడి 17 మంది కార్మికులు పోయారు. పొర ఎక్కడ తెగింది, పాత పనుల (తవ్వి వదిలేసిన భాగాల) అంచు ఎక్కడుంది, మధ్యలో ఎంత బొగ్గు మిగిలింది అన్నవి బొగ్గు బాయిలో ప్రాణాలకు సంబంధించిన ప్రశ్నలు.

వీటికి జవాబు వెతికే మార్గాల్లో ఒకటి సీస్మిక్ తరంగాలు పంపి చూడటం. కానీ గ్యాస్ ఉండే గనిలో పర్మిటెడ్ ఎక్స్‌ప్లోజివ్స్ (అలాంటి గనులకి అనుమతించిన పేలుడు పదార్థాలు) పేల్చాలి, గనుల భద్రతను చూసే డీజీఎంఎస్ ఒప్పుకున్న పరికరాలే దించాలి, బొగ్గు గోడలో రంధ్రాలు వేసి కంపనాలు పట్టే జియోఫోన్లు బిగించాలి. ఇంత శ్రమా పడ్డాక ఫలితం అస్పష్టంగా వస్తే ఎవరికీ ఉపయోగం లేదు. అందుకే సర్వేకి ముందే కంప్యూటర్‌లో ఆ పొరను, ఆ ఫాల్ట్‌ను కట్టి, తరంగం అక్కడ ఏం చేస్తుందో చూసుకోవాలి. దానికి పద్ధతులు చాలా ఉన్నాయి. జియోఫిజిక్స్ విద్యార్థులు, ప్లానింగ్‌లో పనిచేసే జియాలజిస్టులు ఎక్కువగా నేరుగా త్రీడీ మీదికి వెళ్తారు. నా సలహా వేరు. ముందు డిస్పర్షన్ లెక్క చేయండి, తర్వాత టూడీ ఫైనైట్ డిఫరెన్స్ (నిలువు కోతను గళ్లుగా చేసి తరంగాన్ని లెక్కించే పద్ధతి) నడపండి. ఫాల్ట్ ఏటవాలుగా ఉంటేనో, మధ్యలో బోలు ప్రదేశాలు ఉంటేనో త్రీడీ గురించి ఆలోచించండి.

అన్నిటికంటే ముందు: డిస్పర్షన్ లెక్క

బొగ్గు మెత్తన, పైనా కిందా ఉన్న ఇసుకరాయి గట్టిది. బొగ్గులో షియర్ తరంగం (దారికి అడ్డంగా ఊపుతూ పోయేది) సెకనుకు సుమారు 1000 మీటర్లు పోతే రాతిలో 2000 దాకా పోతుంది. ఈ తేడా వల్ల బొగ్గులో పుట్టిన తరంగంలో చాలా భాగం బయటికి పోలేక, పైకప్పుకీ అడుగుకీ మధ్య తిరుగుతూ పొర వెంటే ప్రయాణిస్తుంది. ఇదే చానెల్ వేవ్. న్యూజిలాండ్‌లో ఎవిసన్ 1955లో దీన్ని నమోదు చేశారు. జర్మనీకి చెందిన థియోడర్ క్రే 1963లో సిద్ధాంతాన్ని గట్టిగా నిలబెట్టి, గనుల్లో ఫాల్టులు వెతకడానికి పనికొస్తుందని చూపించారు. ఆ తర్వాత జర్మన్, బ్రిటిష్ గనుల్లో ఈ పద్ధతి బాగా ఎదిగింది.

చానెల్ వేవ్‌లో ఒక్కో ఫ్రీక్వెన్సీ ఒక్కో వేగంతో పోతుంది. దీన్నే డిస్పర్షన్ అంటారు. ఒక చోట గ్రూప్ వేగం, అంటే తరంగ శక్తి పోయే వేగం, కనిష్ఠానికి దిగుతుంది. అక్కడి శక్తి అంతా గుంపుగా, ఆలస్యంగా, బలంగా వస్తుంది. దాన్ని ఎయిరీ ఫేజ్ అంటారు. రికార్డులో మనం వెతికేది ముఖ్యంగా దీన్నే.

పైన చెప్పిన వేగాలు తీసుకుని, సాంద్రతలు (ఘన సెంటీమీటరుకి గ్రాముల్లో) బొగ్గుకి 1.35, రాతికి 2.5 అనుకుని లవ్ రకం (పొర తలంలోనే పక్కలకి ఊగే) చానెల్ వేవ్‌కి సమీకరణం కడితే, ఎయిరీ ఫేజ్ దగ్గర ఫ్రీక్వెన్సీని మందంతో గుణిస్తే సుమారు 630 వస్తుంది. అంటే 3 మీటర్ల పొరలో 210 హెర్ట్జ్, 2 మీటర్ల పొరలో 315 హెర్ట్జ్. గ్రూప్ వేగం సెకనుకు సుమారు 830 మీటర్లు. 250 మీటర్ల ప్యానెల్ దాటడానికి 0.3 సెకను. రాతిలో పోయే పీ తరంగం (రాయిని ముందుకీ వెనక్కీ నొక్కుతూ పోయేది) అదే దూరాన్ని 0.07 సెకనులో దాటేస్తుంది కాబట్టి రికార్డులో రెండూ విడివిడిగా కనబడతాయి. ఈ లెక్కకి స్ప్రెడ్‌షీట్ చాలు. మీ గని వేగాలు వేరైతే 630 అన్న సంఖ్య మారుతుంది, కాబట్టి సోనిక్ లాగు (బోరులో కొలిచిన తరంగ వేగాల రికార్డు) నుంచి సొంత విలువలు పెట్టుకోండి.

ఇంత చిన్న లెక్కే కొన్ని సర్వేలను అక్కడికక్కడే ఆపేస్తుంది. మీ జియోఫోన్లు, వాటిని గోడకి బిగించే తీరు 300 హెర్ట్జ్ దాటాక నమ్మదగినవి కాకపోతే 2 మీటర్ల పొరలో ఎయిరీ ఫేజ్ మీకు సరిగా చిక్కదు. పైకప్పు రాయి బొగ్గంత మెత్తగా ఉంటే, ఉదాహరణకి బలహీనమైన షేల్ అయితే, తరంగం పొరలో నిలవదు. అప్పుడు ఏ మోడలింగూ అక్కర్లేదు, వేరే మార్గం చూసుకోవాలి.

రే ట్రేసింగ్: ఎక్కడ సరిపోతుంది, ఎక్కడ మోసం చేస్తుంది

రే ట్రేసింగ్, అంటే తరంగాన్ని కిరణాలుగా గీసి చూడటం, వేగంగా నడుస్తుంది, అర్థం చేసుకోవడం తేలిక. కానీ తరంగదైర్ఘ్యం కంటే అడ్డంకి చాలా పెద్దగా ఉన్నప్పుడే అది నిజం చెబుతుంది. 210 హెర్ట్జ్ దగ్గర పొర వెంట పోయే తరంగదైర్ఘ్యం 6 నుంచి 7 మీటర్లు. ఫాల్ట్ త్రో 1.5 మీటర్లు. ఆ నిష్పత్తిలో కిరణం అన్న భావనే నిలవదు. పొర నిలువు కోతలో కిరణాలు గీసి, ఇంత దాటింది, ఇంత తిరిగొచ్చింది అని చెప్పే ఫలితాన్ని నేనైతే నమ్మను.

అదే పొరను పైనుంచి చూసే ప్లాన్‌లో మాత్రం కిరణాలు చక్కగా పనిచేస్తాయి. ఒక సన్నని ఫ్రీక్వెన్సీ పట్టీ ఎంచుకుని, ఆ ఫ్రీక్వెన్సీ గ్రూప్ వేగాన్ని ప్యానెల్ మీద మ్యాపుగా పరిచి, ఈ గేట్ రోడ్ నుంచి ఆ గేట్ రోడ్‌కి కిరణాలు పంపితే టోమోగ్రఫీకి (ప్రయాణ కాలాల నుంచి లోపలి వేగాల మ్యాపు కట్టడానికి) పునాది సిద్ధం. పొర మందం మెల్లగా మారే చోట ఇది బాగా కలిసొస్తుంది. పై ఉదాహరణలోనే 150 హెర్ట్జ్ దగ్గర మందం 3.5 నుంచి 3 మీటర్లకు తగ్గితే గ్రూప్ వేగం పావు వంతుకు పైగా పెరుగుతుంది. ఆ మార్పు ప్రయాణ కాలాల్లో స్పష్టంగా తెలుస్తుంది. పాత నది పొరను కోసేసి ఇసుక నింపిన వాష్‌అవుట్‌ల అంచులు చాలాసార్లు ఇలా నెమ్మదిగానే పలచబడతాయి. అలాంటి అంచు నుంచి పరావర్తనం బలంగా రాదు. ఆవలి నుంచి వచ్చిన తరంగంలో వేగం, ఫ్రీక్వెన్సీ మారిన తీరే దాన్ని పట్టిస్తుంది. వాష్‌అవుట్ అనుమానమైతే ప్లాన్ టోమోగ్రఫీకి, ఫాల్ట్ అనుమానమైతే పూర్తి తరంగ మోడలింగ్‌కి వెళ్లమని నేను చెప్పేది అందుకే.

టూడీ ఫైనైట్ డిఫరెన్స్: చాలామందికి ఇదే చాలు

నిలువు కోత తీసుకుని, దాన్ని చిన్న గళ్లుగా విడగొట్టి, ప్రతి గడిలో కణవేగం, ఒత్తిడి ఎలా మారతాయో కాలంలో అడుగు అడుగునా లెక్కించడమే ఈ పద్ధతి. వేగాన్నీ ఒత్తిడినీ అర గడి జరిపి పెట్టే స్టాగర్డ్ గ్రిడ్‌ని విరియో 1984లో ఎస్‌హెచ్ తరంగాలకి (కోతకి అడ్డంగా ఊగేవి, లవ్ రకం వీటి నుంచే), 1986లో పీ-ఎస్‌వీ తరంగాలకి (కోత తలంలోనే ఊగేవి) ఇచ్చారు. ఇప్పటికీ అదే ఆధారం. బొగ్గు పొర తెగిన చోట లవ్ చానెల్ వేవ్ ఎంత దాటుతుంది, ఎంత వెనక్కి వస్తుంది అన్నది కోర్న్, ష్టోకుల్ 1982లోనే ఫైనైట్ డిఫరెన్స్‌తో లెక్కించారు. అప్పటి కంప్యూటర్లతో అంత చేయగలిగారంటే ఈ రోజు మన లాప్‌టాప్ దీనికి ఎక్కువే.

లెక్క చూడండి. ఎయిరీ ఫ్రీక్వెన్సీకి రెట్టింపు, అంటే 420 హెర్ట్జ్ వరకు కావాలి అనుకుందాం. బొగ్గులో అతి చిన్న తరంగదైర్ఘ్యం 2.4 మీటర్లు. దానికి దాదాపు పది గళ్లు పెడితే గడి సైజు 0.25 మీటరు. పక్కల ఖాళీతో కలిపి 300 మీటర్ల పొడవు, 60 మీటర్ల ఎత్తు కోతకి 1200 అడ్డం, 240 నిలువు, మొత్తం 2,88,000 గళ్లు. ఎస్‌హెచ్ రకమైతే మామూలు లాప్‌టాప్‌లో నిమిషాల పని. చీకటి పడేలోపు త్రో అర మీటరు నుంచి 4 మీటర్ల దాకా మారుస్తూ పదిసార్లు నడుపుకోవచ్చు. నా దృష్టిలో దీని అసలు బలం ఇదే. ఒక్క అందమైన బొమ్మ కంటే, త్రో పెరిగేకొద్దీ దాటే శక్తి ఎలా పడిపోతుందో చూపే ఒక్క గ్రాఫు గని మేనేజర్‌కి ఎక్కువ పనికొస్తుంది.

ఆ గ్రాఫులో ఏం కనబడుతుంది? 3 మీటర్ల పొరలో 1.5 మీటర్ల త్రో పెడితే పొర సగం ఎత్తు అవతలి బొగ్గుని తాకుతుంది, మిగతా సగం రాయిని గుద్దుకుంటుంది. వచ్చిన తరంగం మూడు దారుల్లో చీలుతుంది. కొంత అవతలి బొగ్గులోకి పోతుంది, కొంత వెనక్కి మళ్లుతుంది, కొంత పైకప్పులోకి అడుగులోకి మామూలు తరంగంగా కారిపోతుంది. ఆ మూడో భాగాన్ని తక్కువ అంచనా వేయకండి. దాటకపోయిన శక్తి అంతా పరావర్తనంగా వెనక్కి రాదు. అందుకే ట్రాన్స్‌మిషన్ (దాటి వచ్చింది కొలిచే) సర్వేలో స్పష్టంగా తెలిసిన చిన్న ఫాల్ట్ రిఫ్లెక్షన్ (వెనక్కి వచ్చింది కొలిచే) సర్వేలో కనబడకుండా పోతుంది. పైగా తెగిన చోట సౌష్ఠవం పోతుంది కాబట్టి, మొదటి మోడ్‌గా (పొరలో తరంగం ఊగే ఒక తీరుగా) వచ్చిన శక్తిలో కొంత వేరే మోడ్‌లలోకి మారుతుంది.

త్రో పొర మందాన్ని దాటిందంటే బొగ్గుకి బొగ్గు తగలదు, చానెల్ తెగిపోతుంది. అప్పుడు కూడా తక్కువ ఫ్రీక్వెన్సీలు కొంతవరకు దాటుతాయి. వాటి కదలిక పొర దాటి రాతిలోకి చాలా దూరం విస్తరించి ఉంటుంది కనుక తెగిన చోటుని పెద్దగా లెక్కచేయవు. ఎక్కువ ఫ్రీక్వెన్సీలు ఆగిపోతాయి. కాబట్టి సర్వే రికార్డులో తరంగం కనబడింది కదా, ఫాల్ట్ లేదు అని తేల్చేయకండి. ఏ ఫ్రీక్వెన్సీ వచ్చిందో చూడండి.

ఈ మోడల్ కట్టేటప్పుడు చిన్నగా కనబడి ఫలితాన్ని తిప్పేసే విషయాలు కొన్ని ఉన్నాయి. గడి 0.25 మీటరు అయితే 3.1 మీటర్ల పొర మోడల్లో 3 మీటర్లు గానీ 3.25 మీటర్లు గానీ అవుతుంది. 3.25 అయితే ఎయిరీ ఫేజ్ 210 నుంచి 194 హెర్ట్జ్‌కి జారుతుంది. పొర వాలుగా ఉంటే దాన్ని వాలుగానే గీయకండి. గళ్లలో వాలు గీత మెట్లుగా మారుతుంది, ప్రతి మెట్టూ ఒక చిన్న ఫాల్ట్‌లా తరంగాన్ని చెదరగొడుతుంది, చివరికి అసలు ఫాల్ట్ ఏదో తెలియదు. మొత్తం మోడల్‌ని తిప్పి పొరను సమతలంగా పెట్టి, ఫాల్ట్‌ను మాత్రం దానికి తగిన కోణంలో ఉంచండి. అంచుల్లో పీఎంఎల్ (తరంగాన్ని మింగేసే పొర) పెట్టకపోతే మోడల్ గోడల నుంచి వచ్చే పరావర్తనాలు నిజమైన వాటితో కలిసిపోతాయి.

నష్టాన్ని, అంటే తరంగం పోయేకొద్దీ బొగ్గు మింగేసే శక్తిని, తప్పకుండా పెట్టాలి. ఈ నష్టాన్ని క్యూ అనే సంఖ్యతో చెబుతారు, క్యూ తగ్గేకొద్దీ నష్టం ఎక్కువ. బొగ్గు క్యూ విలువ చాలాచోట్ల వంద లోపే. నష్టం లేని ఎలాస్టిక్ మోడల్లో కళ్లకు కట్టినట్టు కనిపించే పరావర్తనం క్యూ పెట్టగానే శబ్దంలో మునిగిపోవచ్చు. ఇంకొకటి, నిలువు కోతలో పక్కలకి వ్యాపించడం ఉండదు. నిజంగా చానెల్ వేవ్ ప్యానెల్ తలంలో వలయాలుగా విస్తరిస్తుంది కాబట్టి దూరం వర్గమూలంతో భాగించి సరిచేసుకోవాలి. చివరిగా, కత్తితో కోసినట్టు ఉండే ఫాల్ట్‌నే గీయకండి. నిజమైన ఫాల్ట్ దగ్గర ఒకటి రెండు మీటర్ల నలిగిన మండలం ఉండొచ్చు. అది పెట్టి ఒకసారి, పెట్టకుండా ఒకసారి నడిపి రెండూ పోల్చండి.

ఉచిత సాఫ్ట్‌వేర్‌లో జర్మనీలోని కార్ల్స్‌రూహ నుంచి వచ్చిన సోఫీ టూడీ దీనికి సరిగ్గా సరిపోతుంది, క్యూ కూడా అందులోనే ఉంటుంది. కోడ్ రాయడం వస్తే డెవిటో అనే ఉచిత లైబ్రరీతో పైథాన్‌లో సొంతంగా కట్టుకోవచ్చు. నేర్చుకునే విద్యార్థికి రెండోది మంచిది. ఎస్‌హెచ్ స్టాగర్డ్ గ్రిడ్ కోడ్ ఒకసారి చేత్తో రాస్తే తరంగం మీద పట్టు వచ్చేస్తుంది.

త్రీడీ ఎప్పుడు తప్పదు

ఫాల్ట్ తరంగం దారికి లంబంగా ఉంటే లవ్, రేలీ (నిలువు తలంలో ఊగే) రకాలు వేటికవి వేరుగా ఉంటాయి, టూడీ సరిపోతుంది. ఫాల్ట్ ప్యానెల్‌ని ఏటవాలుగా కోసుకుంటూ పోతే రెండూ ఒకదానిలోకి ఒకటి మారతాయి. ఫాల్ట్ మధ్యలో మొదలై మధ్యలోనే సమసిపోతే దాని కొన చుట్టూ తరంగం వంగి వస్తుంది. ఇవి టూడీలో పుట్టవు.

ఖర్చు ఎంతో కూడా చూడాలి. అదే 0.25 మీటరు గడితో 300 మీటర్లు, 1000 మీటర్లు, 60 మీటర్ల డబ్బా అంటే 115 కోట్ల గళ్లు. ఒక్కో గడికి 12 సంఖ్యలు దాచుకుంటే 55 జీబీ మెమరీ, క్యూ పెడితే ఇంకా ఎక్కువ. రాతిలో పీ వేగం 3600 అయితే కాల అడుగు 34 మైక్రోసెకన్లు దాటకూడదు. అర సెకను రికార్డుకి సుమారు 14,700 కాల అడుగులు. అదీ ఒక్క షాట్‌కి. క్లస్టర్ గానీ మంచి జీపీయూలు గానీ ఉన్న సంస్థకి ఇది భారం కాదు. గనిలో కూర్చుని రేపటికి జవాబు కావాలనుకునే జియాలజిస్టుకి భారమే. టూడీ పదిసార్లు నడిపి, అనుమానం మిగిలిన రెండు మూడు ఆకృతులకి మాత్రమే త్రీడీ నడపడం తెలివైన ఖర్చు. ప్యానెల్ అంతా కాకుండా ఫాల్ట్ చుట్టూ ఉన్న ముక్క ఒక్కటే కట్టినా చాలాసార్లు సరిపోతుంది.

స్పెక్ట్రల్ ఎలిమెంట్: బోలు, నీళ్లు, వంకర పొరలు ఉంటే

గేట్ రోడ్ ఒక రంధ్రం. దాని గోడ వెంట ఉపరితల తరంగాలు పుడతాయి, చుట్టూ పగిలిన బొగ్గు వేగాన్ని తగ్గిస్తుంది. నీళ్లు నిండిన పాత పనుల దగ్గర ఘనానికీ ద్రవానికీ హద్దు ఉంటుంది. ఇలాంటి హద్దులను చదరపు గళ్లలో సరిగా పెట్టడం కష్టం. ఎలిమెంట్లను ఆకారానికి తగ్గట్టు వంచే స్పెక్ట్రల్ ఎలిమెంట్ పద్ధతి ఇక్కడ మెరుగు. స్పెక్‌ఫెమ్ టూడీ, త్రీడీ ఉచితంగా దొరుకుతాయి, ద్రవాన్ని కూడా సరిగా లెక్కిస్తాయి. కష్టం అంతా మెష్ కట్టడంలో ఉంది. 3 మీటర్ల పొర, దాన్ని కోసే సన్నని కోణం ఫాల్ట్, 4 మీటర్ల రోడ్డు ఒకే మెష్‌లో ఇమడాలంటే తరంగాల లెక్క కంటే ఆ పనికే ఎక్కువ రోజులు పోతాయి. మామూలు ఫాల్ట్ కోసం ఇంత అక్కర్లేదు. పాత పనుల అంచు వెతకడమే లక్ష్యమైతే ఈ శ్రమ విలువైనదే. 2002లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో క్వీక్రీక్ గనిలోకి పక్కనున్న పాత గని నీళ్లు చొచ్చుకొచ్చాక, అక్కడ పాత పనులను ముందే పసిగట్టే పద్ధతుల మీద ప్రయోగాలు జరిగాయి. వాటిలో ఇన్-సీమ్ సీస్మిక్ (పొర లోపలే తరంగం పంపి చూసేది) కూడా ఉంది.

ఉపరితలం నుంచి చూస్తే

బొగ్గుకీ ఇసుకరాయికీ ఇంపీడెన్స్ (వేగం, సాంద్రతల లబ్ధం) తేడా చాలా ఎక్కువ. పరావర్తన గుణకం మైనస్ 0.5 దాకా వస్తుంది. అందుకే ఉపరితల సీస్మిక్‌లో బొగ్గు పొర మెరిసిపోతూ కనబడుతుంది. కానీ 100 హెర్ట్జ్ దగ్గర రాతిలో తరంగదైర్ఘ్యం 36 మీటర్లు, దానిలో పావు వంతు 9 మీటర్లు. 3 మీటర్ల త్రో అంటే రాకపోకల కాలంలో 1.7 మిల్లీసెకన్ల తేడా మాత్రమే. డేటా శుభ్రంగా ఉంటే ఈ మెట్టుని పసిగట్టే అవకాశం ఉంది, హామీ మాత్రం లేదు. ఇక్కడ మొదటి అంచనాకి సోనిక్ లాగు నుంచి కన్వల్యూషన్ సింథటిక్ (పొరల పరావర్తన గుణకాలను పంపే తరంగ ఆకారంతో కలిపి కట్టిన కృత్రిమ రికార్డు) చాలు. పైన బలమైన పొరలు చాలా ఉంటే వాటి మధ్య తిరిగే మల్టిపుల్స్ కింది పొరని కప్పేస్తాయి, వాటికి రిఫ్లెక్టివిటీ పద్ధతి (సమతల పొరల్లో అన్ని పరావర్తనాలనూ కలిపి లెక్కించేది) వాడండి. ఫాల్ట్ అంచు నుంచి చెదిరి వచ్చే తరంగం (డిఫ్రాక్షన్) కావాలంటే మళ్లీ టూడీ ఫైనైట్ డిఫరెన్సే. పదుల మీటర్ల ఫాల్టులకి ఉపరితల సర్వే, పొర మందం స్థాయి ఫాల్టులకి ఇన్-సీమ్ సర్వే అని విడగొట్టుకుంటే మోడలింగ్ ఎంపిక దానంతట అదే తేలుతుంది.

1970ల్లో బోఖుమ్‌లోని రూర్ యూనివర్సిటీలో పలకలతో చిన్న నమూనాలు చేసి అల్ట్రాసౌండ్ పంపి చూసేవారు. ఇప్పుడు సొంతంగా రాసిన కోడ్‌ని సరిచూసుకోవడానికి తప్ప ఎవరికీ ఆ మార్గం సూచించను.

మోడల్ చూడలేమని చెబితే

మీ గనిలో రికార్డయిన నిజమైన శబ్దాన్ని, పంపుల నుంచి కన్వేయర్ల నుంచి వచ్చేదాన్ని, సింథటిక్ మీద కలిపి చూడండి. వెతుకుతున్న త్రోకి వచ్చే మార్పు ఆ శబ్దం కంటే కనీసం రెండింతలు లేకపోతే ఆ సర్వే చేయకండి. ఆ డబ్బుతో పొర వెంట పొడవాటి డ్రిల్లింగ్ చేయించండి. పాత నీటి పనుల విషయంలో ఈ మినహాయింపు కూడా లేదు. అలాంటి పనులకి 60 మీటర్ల లోపుకి వెళ్లాలంటే కోల్ మైన్స్ రెగ్యులేషన్స్ ప్రకారం అనుమతి, ముందు బోర్లు తప్పనిసరి. మోడల్ ఏం చెప్పినా, సర్వే ఎంత శుభ్రంగా వచ్చినా ఆ బోర్లు వేయాల్సిందే. మోడలింగ్‌తో తేల్చుకోగలిగింది వాటిలో మొదటి బోరు ఏ వైపు వేయాలన్నది.